రష్యా రచయిత చెప్పని మాట

మా ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న అమ్మాయిది గుంటూరు దగ్గర ఏదో పల్లె. హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది, తెలుగు మాట్లాడే పెద్దదాన్ని నేనొకతెను దొరికానని సెలవు రోజుల్లో పైకి వచ్చి కూర్చుంటుంది. మొన్న ఆదివారం వచ్చి, వాళ్ళ కంపెనీలోని తెలుగువాళ్ళంతా కలిసి ఉగాదికి ఒక చిన్న పుస్తకం వేసుకుంటున్నారనీ, ప్రతి పేజీ అడుగునా కళ గురించో, సంతోషం గురించో, మనిషి స్వభావం గురించో గొప్ప రచయితలు చెప్పిన మాట ఒకటి వేయాలనుకుంటున్నారనీ, ఇన్నేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన దాన్ని కాబట్టి నన్ను అడగడానికి వచ్చాననీ చెప్పింది. నోటికి వచ్చినవి రెండు చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుని, వీటిని ఎవరు చెప్పారో ఆ పేర్లు కూడా ఇమ్మనీ, పేరు లేకపోతే తమవాళ్ళు ఎవ్వరూ చదవరనీ అంది. పేర్లు గుర్తుకు రావడం లేదని అబద్ధం చెప్పి పంపించేశాను. ఎందుకు చెప్పానో ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాదు గాని, నాతోపాటు నెరిసినవాళ్ళు మీరు, మీతో చెప్పుకోవచ్చు.

తిరుపతిలో ఎమ్మే చదివి, తమిళనాడు సరిహద్దులో, అంచెట్టికి పోయే దారిలో కొండల మధ్యనున్న ఒక ఊళ్ళో, ప్రభుత్వ హైస్కూలు తెలుగు విభాగంలో చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రోజుకు మూడే బస్సులు. అవి కూడా వానొస్తే రెండవుతాయి. ఊరంతా తరతరాలుగా అక్కడే పాతుకుపోయిన తెలుగు రైతు కుటుంబాలు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పెండ్లి సంబంధాలకు పోతే కన్నడం. హెడ్‌మాస్టరు తమిళుడు, మెత్తని మనిషి, ఏ తగాదా వచ్చినా ముందు తలుపు మూసి తర్వాత మాట్లాడేవాడు. తెలుగు విభాగానికి మాత్రం పెద్ద దిక్కు మా అయివారు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయనను అట్లాగే పిలిచేవారు కాబట్టి నేనూ అట్లాగే పిలిచాను, ఇప్పుడూ అట్లాగే అంటాను. అప్పటికి ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ బడిలోనే ఉన్నారు. పొట్టి మనిషి, నల్ల గొడుగు, ముక్కుపొడుం మరకలు పడిన తెల్ల చొక్కా.

బడి గేటు పక్కన, బస్సు ఆగేచోటికి ఎదురుగా, గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ప్రతి ఉదయం ప్రార్థనకు ముందే అయివారు దాని మీద గుండ్రని అక్షరాలతో ఒక మాట రాసి, కింద ఎవరు చెప్పారో రాసేవారు. ఒక రోజు ఫ్రెంచి శిల్పి, ఒక రోజు జర్మన్ తత్త్వవేత్త, ఒక రోజు చైనా కవి. పేర్లు రాసేవారు కాదు, అంత పెద్ద పేర్లు పిల్లలకు నోరు తిరగవనేవారు. పాడేవాడు తన గొంతును తాను వినడం మానేసిన చోటే పాట మొదలవుతుందని రాసింది నాకు ఇంకా గుర్తుంది. పిల్లలు నోటుబుక్కు చివరి పేజీల్లో ఎక్కించుకునేవారు. చదువు రానివాళ్ళు బస్సు కోసం నిలబడి, పక్కవాళ్ళ చేత చదివించుకునేవారు. పాలబిందె నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా అడిగి విని, తలాడించి పోయేవారు. సంతోషమంటే ఏమిటో యాడో సముద్రాల అవతల పుట్టినవాడు తమ ఊరి గోడ మీదకొచ్చి చెబుతున్నాడంటే వాళ్ళకు ఒక గౌరవం.

నాకు చదువుకున్నానన్న పొగరు ఉండేది. ఈ మాటలన్నీ ఏ పుస్తకాల్లోవో చూడాలని, సెలవులకు పోయినప్పుడు కృష్ణగిరి గ్రంథాలయంలో వెతికాను, తిరుపతిలో వెతికాను, ఒక్కటీ దొరకలేదు. అయివారిని అడిగితే పెట్టెలో ఉన్నాయనీ, తీసి ఇస్తాననీ అనేవారు. ఒకసారి ఏదో పని మీద ఆయన ఇంటికి పోయాను. భార్య పోయి చాలా ఏళ్ళయిన మనిషి, ఒంటరి గది. పంచాంగం, నిఘంటువు, బడి పుస్తకాలు తప్ప అక్కడ ఏ పెట్టే లేదు.

అసలు సంగతి తెలిసింది ఇంకో నెలకు. ఆ రోజుల్లో నేను పద్యాలు రాసి చించేస్తూ ఉండేదాన్ని. సాయంత్రం బస్సు కోసం నిలబడి ఆ సంగతి అయివారితో చెప్పాను, పెద్ద కవుల ముందు నా రాతలు చూసుకుంటే సిగ్గేస్తుందని. మరునాడు బల్ల మీద, రాసింది చించేసేవాడు గొప్పవాళ్ళను గౌరవించడం లేదు, వాళ్ళతో పోటీ పడుతున్నాడు, అని ఉంది. కింద గ్రీకు తత్త్వవేత్త అని ఉంది. అది చదివి నిలబడినచోటే చెవులు వేడెక్కాయి. రెండు వేల ఏళ్ళ నాటి ఆ గ్రీకాయన నిన్న సాయంత్రం బస్సు దగ్గర మా మాటలు విన్నాడన్నమాట. నేను ఎవరికీ చెప్పలేదు. అయివారికి కూడా తెలియనివ్వలేదు. కానీ ఆ రోజు నుంచి పద్యాలు చించడం మాత్రం మానేశాను.

ఇక ఆ ఎండాకాలం సంగతి. ఊళ్ళో ఒక పెద్ద రైతు, మా బడి తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. ఆయనా ఆయన తమ్ముడూ అంతకు ముందు ఏడాది భాగాలు పంచుకున్నారు. బావి అన్న పాలికి వచ్చింది. రోజు విడిచి రోజు తమ్ముడి పొలానికి నీళ్ళు వదలాలని పెద్దమనుషుల ముందు అనుకున్నారు గాని ఎక్కడా రాసుకోలేదు. తమ్ముడు మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచేవాడు, పని అంతా భార్యదే. ఆమె కూతురు నా క్లాసులోనే చదివేది. తోట పచ్చగా కమ్ముకొచ్చింది, పురుగులు బాగా పట్టాయి, ఊళ్ళో వాళ్ళు మెచ్చుకున్నారు. ఆ వారమే పెద్దాయన మోటారు గదికి తాళం వేశాడు. కారణం ఏమీ చెప్పలేదు. అడగబోయిన తమ్ముడితో మాట్లాడలేదు. రెండు వారాల్లో తోట వాడిపోయింది.

ఆ సోమవారం బల్ల మీద అయివారు ఇట్లా రాశారు: “ఎదుటివాడికి లేదని కలిగే సంతోషం ఎంత తిన్నా ఆకలి తీరని సంతోషం. దాన్ని మరిగినవాడు తన సొంత పంటను కూడా రుచి చూడలేడు.” కింద, రష్యా రచయిత.

పెద్దాయన బస్సు కోసం వచ్చి చదివాడు. బస్సు వచ్చింది, పోయింది, ఆయన ఎక్కలేదు. మరునాడు ఏ పనీ లేకపోయినా వచ్చి మళ్ళీ బల్ల ముందు నిలబడ్డాడు. అయివారు ఆ మాటను మూడు రోజులు చెరపలేదు, అంతకు ముందు ఎప్పుడూ అట్లా చేయలేదు. మూడో రోజు పెద్దాయన అయివారి దగ్గరికి వచ్చి, ఈ రష్యా ఆయన నిజంగా గొప్పవాడేనా అని అడిగాడనీ, చాలా గొప్పవాడని అయివారు చెప్పారనీ తర్వాత విన్నాను. నాలుగో రోజు మోటారు గది తాళం తీసి ఉంది. తమ్ముడి కాలవలో నీళ్ళు పారాయి. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు, కానీ రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చాయి. తోట చిగురు వేసింది, ఆమె మళ్ళీ పురుగులు పెట్టింది.

అంతటితో ఉంటే బాగుండేది. టీకొట్టు దగ్గర ఎవడో నోటి తీట కొద్దీ, ఆ మాట నీ గురించే అయివారు రాసినాడు, ఊరంతా నవ్వుకుంటా ఉండారు అని పెద్దాయనతో అన్నాడు. ఆయనకు అభిమానం దెబ్బతింది. బడికి వచ్చి హెడ్‌మాస్టరుతో చెప్పింది ఏమిటంటే, ఆ మాట నిజంగా రష్యా ఆయన చెప్పిందైతే తనకు ఏ తగాదా లేదు, అయివారు కల్పించి రాసుంటే మాత్రం సర్కారు బడి గోడ మీద తనను ఊరి ముందు నిలబెట్టినట్టే, దానికి శిక్ష పడాలని. కాగితం కూడా రాసి ఇచ్చాడు. న్యాయంగా చెప్పాలంటే, ఆ సంగతి తేలేదాకా మోటారుకు మాత్రం తాళం వేయలేదు.

కృష్ణగిరి నుంచి విద్యాశాఖ అధికారి శుక్రవారం వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. అయివారికి పదవీ విరమణ ఇంకా నాలుగు నెలలే ఉంది. ఈ సమయంలో ఏ చిన్న మచ్చ పడినా పెన్షను ఏళ్ళ తరబడి ఆగిపోతుందని హెడ్‌మాస్టరు కంగారు పడ్డాడు. తలుపు మూసి నాతో చెప్పాడు, ఎమ్మే చదివిన దాన్ని నేను, ఈ మాట ఫలానా రష్యా పుస్తకపు అనువాదంలో చదివానని ఒక్క ముక్క అంటే చాలు, అధికారి మూడు గంటల బస్సుకు పోవాలి, ఎవరు వెతకబోతారని. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ అధికారి చదువరి అయితే, ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం అంటే నా గతేమిటి? ఆలోచించి చెబుతానని బయటికి వచ్చాను. అయివారు వరండాలో పిల్లలకు ఛందస్సు చెబుతున్నారు, నా వైపు చూడను కూడా లేదు. ఆ వారమంతా ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నో, కోప్పడేదాన్నో ఇప్పటికీ తేల్చుకోలేను.

గురువారం బడి వదిలాక తమ్ముడి భార్య వచ్చింది. అప్పుడే తోటలోంచి వచ్చినట్టుంది, చీర అంచుకు ఆకు పసరు. అంతవరకు మా ఇద్దరి మధ్య పిల్ల చదువు తప్ప వేరే మాట లేదు. నీడలో నిలబడి, నేరుగా విషయానికి వచ్చింది.

“ఆ మాట ఎవురో మహానుభావుడిదే అని చెప్పు టీచరమ్మా. మా బావ భయపడింది దానికే. మనుషులకు భయపడే ఆయప్ప కాదు.”

నేను తెలియనట్టు, అది ఎవరిదో నాకెట్లా తెలుస్తుందన్నాను. ఆమె నా మొహం చూసింది.

“మా పాప నోటుబుక్కులో అన్నీ చదివించుకుంటా ఉంటాను. అవన్నీ మా ఊరివే. నాకు తెలుసు. ఎవురికీ చెప్పలా.” అసలు సంగతి అప్పుడు చెప్పింది, “పురుగులు పెద్దజ్వరం లేచినాయి. ఇంకా ఎనిమిది దినాలు ఆకు గావాల. ఎనిమిది దినాలు ఆయప్ప నమ్మితే చాలు.”

పెద్దజ్వరమంటే పట్టుపురుగు గూడు కట్టేముందు ఆఖరి నిద్ర లేవడం. ఆ వారం అవి తినేంత ఆకు అంతకు ముందు జన్మమంతా కలిపి తినవు. నేను సరేననలేదు, కాదనలేదు. ఆమె ఇంకోసారి అడగకుండా వెళ్ళిపోయింది.

శుక్రవారం పదకొండింటికి అధికారి వచ్చాడు. బక్కపలచని మనిషి, ఎండకు వడలిపోయి, నీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగాడు. హెడ్‌మాస్టరు గదిలో ఒక పక్క పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా నిలబడ్డాడు. ఇంకో పక్క అయివారు, ఒళ్ళో గొడుగు పెట్టుకుని కూర్చున్నారు. అధికారి ఫిర్యాదు పైకి చదివాడు. బల్ల మీది మాటను కూడా చదివాడు. ఆ మూసిన గదిలో, ఒక పరాయి మనిషి గొంతులో వింటే, ఆ మాట నాకు ముందెన్నడూ లేనంత పెద్దదిగా వినిపించింది. పెద్దాయన తల దించుకోవడం చూశాను. అప్పటికీ ఆయన దాన్ని నమ్ముతూనే ఉన్నాడు.

అధికారి అయివారిని అడగలేదు. చదువుకున్నవాళ్ళు ఉన్నారు గదా అని నా వైపు తిరిగాడు. ఎక్కడైనా చదివారా అమ్మా ఈ మాట, అని మామూలుగానే అడిగాడు.

అవునంటే సరిపోయేది. ఆ అవును నా నాలుక చివరిదాకా వచ్చిందని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గాని, రాలేదు. నాకు గుర్తుకొచ్చింది ఖాయం కాని నా ఉద్యోగం, ఇంకోటి, చెప్పడానికి సిగ్గుపడే సంగతి, చదవని పుస్తకం చదివానంటే నా ఎమ్మే పరువు పోతుందన్న పట్టింపు.

“నేను చదివినంతలో ఎక్కడా కనపడలేదు సార్” అన్నాను.

అధికారి కలం ఎత్తాడు. అయినా ఏమీ తేలలేదు, నేను చదవనంత మాత్రాన లేదని కాదు గదా, ఆయన ఆ మాటే అనబోయాడేమో కూడా. ఇంతలో అయివారు లేచారు.

“ఆయమ్మకు యాడ కనపడుతుంది సార్. అది నేను రాసింది. ఆ బల్ల మీద ముప్పై ఏండ్లుగా రాసిందంతా నేను రాసిందే.”

హెడ్‌మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. నేను పెద్దాయన వైపు చూశాను, ఇప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడోనని. ఆయన మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నెమ్మదిగా ఆయన భుజాలు దిగాయి, చాలా దూరం మోసుకొచ్చిన మూట దించినవాడిలా గట్టిగా ఊపిరి వదిలి, అప్పటిదాకా కూర్చోని కుర్చీలో కూర్చున్నాడు.

“నువ్వా అయివారప్పా. నేను యాడో ఉండే మహానుభావుడు నన్ను చూసి చెప్పినట్టు అనుకుంటి గదా. నెలన్నరగా ముద్ద దిగలేదు నాకు.”

అని నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగా తేలికపడిన నవ్వు. అధికారి కూడా నవ్వాడు, ఇంతేనా అన్నాడు. పెద్దాయనే ఫిర్యాదు వద్దని వెనక్కు తీసుకున్నాడు, మన అయివారే గదా, ముసలాయన, ఏదో రాసుకున్నాడు పోనీలెమ్మన్నాడు. అధికారికి మజ్జిగ తెప్పించాడు. పెన్షనుకు ఏ అడ్డూ లేకుండా, ఇకమీదట రాసేవారి పేరు సరిగా రాయాలని ఒక్క ముక్క రాసి, అధికారి మూడు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. అందరికీ మంచే జరిగిందని హెడ్‌మాస్టరు నాకు చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఆ సాయంత్రమే మోటారు గదికి తాళం పడింది.

తమ్ముడి భార్యా, ఆ చిన్నపిల్లా రెండు రోజులు బిందెలతో నీళ్ళు మోసి పోశారు. లేత చిగురు మీదున్న మల్బరీ తోట ఆ ఎండకు రెండు రోజులకే వడలింది, బిందెలతో తడిసేది కాదు. పక్క ఊళ్ళకు పోయి ఆకు అడిగి తెచ్చారు, అది ఒక పూటకు చాలింది. ఆరో రోజు తట్టలకు తట్టలు పురుగులను తెచ్చి గట్టు మీద పారబోశారని, కాకులు మూగాయని పిల్లలు క్లాసులో చెప్పుకున్నారు. ఆ పిల్ల ఆ రోజు బడికి రాలేదు. నెల తిరక్కుండా తమ్ముడు పొలం బీడు పెట్టి, సంసారంతో హోసూరుకు కట్టడం పనులకు బయలుదేరాడు. బస్సు దగ్గర వాళ్ళు మూటలు దించుకుని ఉండగా నేను గేటులోంచి వచ్చాను. తప్పుకుని పోదామనుకున్నాను గాని ఆమె చూసింది, తానే దగ్గరికి వచ్చింది.

“నువ్వు అబద్ధం చెప్పలేదు టీచరమ్మా. అది మంచిదే. మాకే కుదరలేదు.”

దెప్పడం లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదేమో.

అయివారి బల్ల సంగతి చెప్పాలి. అధికారి చెప్పినట్టే ఆయన మరుసటి వారం నుంచి కింద తన పేరు రాశారు. మాటలు ఎప్పటిలాగే ఉన్నాయి, నా మట్టుకు నాకు ఇంకా బాగున్నాయి. పిల్లలు మొదటి రోజు రాసుకున్నారు, రెండో రోజు కొందరు రాసుకున్నారు, వారానికి ఎవరూ ఆగలేదు. పాలబిందెల ఆడవాళ్ళు అడగడం మానేశారు. పదో రోజున అయివారు కూడా రాయడం మానేశారు. తర్వాత ఆ బల్ల మీద టీకాలు వేసే తేదీలు రాసేవారు. మొన్న కింది వాటా అమ్మాయికి నేను చెప్పిన రెండు మాటలూ ఆ బల్ల మీదివే.

ఆయన విరమణ రోజున, దండలూ మాటలూ అయిపోయి, ఇద్దరమే వరండాలో మిగిలినప్పుడు, నా వల్లనే గదా ఇదంతా అని నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అప్పుడు ఆయన చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

“నీ వల్ల కాదమ్మా. నువ్వు చదవలేదంటివి, అంతే గదా. నేను గమ్మున కూసోనుంటే ఆ అధికారి అట్లే పోయిండును, నీళ్ళు పారతా ఉండును. ఆయమ్మ కష్టం నాకు తెలుసు, పురుగులు ఏ జ్వరంలో ఉండాయో కూడా తెలుసు. అయినా లేస్తిని.” ఇంకా మెల్లగా అన్నారు. “ఆ అధికారి నా మాటను అంత బాగా చదివినాడమ్మా. ముప్పై ఏండ్లలో ఒక్క తూరి, అది నాదని ఎవురికైనా తెలియాల అనిపించె. ఆ నిమిషం నాకు సంతోషమే అయింది. సంతోషం గురించి అన్ని మాటలు రాసినాను గాని, ఇట్లాంటిది ఉంటుందని రాయలేదు.”

తర్వాత ఆయన తన అక్క కొడుకు దగ్గరికి కావేరిపట్టణం పోయారు. ఉత్తరాలు రాస్తే జవాబు రాసేవారు. క్షేమ సమాచారాలు తప్ప మంచిమాట ఒక్కటి కూడా ఉండేది కాదు. ఐదారేళ్ళకు పోయారని తెలిసింది. నేనూ ఊళ్ళు మారాను, హోసూరులో స్థిరపడ్డాను. ఈ ఊరి సంతల్లో, గులాబీ తోటల్లో పనిచేసే ఆడవాళ్ళ గుంపుల్లో, ఆస్పత్రి వరుసల్లో ఆమె మొహం కోసం చాలాకాలం వెతికాను. దొరకలేదు. దొరికితే ఏం చెప్పాలో ఒకప్పుడు సిద్ధం చేసుకుని ఉండేదాన్ని, ఇప్పుడు అది కూడా మరిచిపోయాను.

పోయిన చలికాలంలో ఒక శిష్యురాలి గృహప్రవేశానికి ఆ దారిన పోతూ కారు ఆపించుకున్నాను. బడికి కొత్త భవనం వచ్చింది. తెలుగు విభాగంలో పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉన్నారట. పెద్దాయన ఎప్పుడో కాలం చేశాడు, కొడుకులు ఎవరి పొలంలో వాళ్ళు బోరు వేసుకున్నారు. తమ్ముడి భూమిలో ఎవరో బయటివాళ్ళు ప్లాస్టిక్ గుడారాలు వేసి పూలు పండిస్తున్నారు. బావి చుట్టూ ముళ్ళకంప, లోపల చెత్త. ఇప్పుడు అక్కడ ఎవరూ ఎవరినీ నీళ్ళడగనక్కర లేదు, ఎవరూ ఎవరికీ తాళం వేయనక్కర లేదు, అది మేలే. కానీ గట్టు మీద నిలబడి చూస్తే, పగలాంటి పంతాన్ని పక్కన పెట్టి, ఎవరూ చూడకుండా తెల్లవారుజామున వచ్చి తాళం తీసిన ఆ మొండి మనిషే నా కళ్ళ ముందు మెదిలాడు. ఇన్నాళ్ళూ నేను ఆయనను ఈ కథలో చెడ్డవాడిగానే అనుకుంటూ వచ్చాను. గోడ మీది ఒక్క వాక్యానికి నెలన్నర ముద్ద దిగని మనిషిని, ముప్పై ఆరేళ్ళు ఇన్ని వాక్యాలు ఇంతమందికి చదివి వినిపించిన ఉద్యోగంలో, నేను మళ్ళీ ఒక్కణ్ణి కూడా చూడలేదు.